విజ్ఞాన వీథి: మేస్త్రి లేని కట్టడం

ఒక కట్టడం లేవాలంటే ఏమేమి కావాలో మన సంస్థలో పనిచేసేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నమూనా గీసేవారు ఒకరు, సామగ్రి లెక్క చూసేవారు ఒకరు, పనివారిని పురమాయించే మేస్త్రి ఒకరు, అన్నీ సక్రమంగా ఉన్నవని సంతకం పెట్టే అధికారి ఒకరు ఉండవలసిందే. ఈ సంచికలో మేము పాఠకులకు పరిచయం చేయదలచిన కట్టడానికి వీరిలో ఒక్కరు కూడా లేరు. నమూనా పటం లేదు, మేస్త్రి లేడు, ఆజ్ఞలిచ్చే మెదడు అసలే లేదు. అయినప్పటికీ వేలాది పనివారు చెల్లాచెదరుగా ఉన్న చోట్ల నుంచి వచ్చి చేరి, సుమారు 24 గంటలలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తున సన్నని స్తంభాన్ని నిలబెట్టి, దాని కొనమీద కలశం వంటి గుండ్రని దానిని అమరుస్తారు. ఆ పనివారు మట్టిలో నివసించే అమీబాలు. వారి చేత ఈ పని చేయించేవి మాంసకృత్తులు, అనగా ప్రోటీన్లు. ఏ ప్రోటీన్ ఏ బాధ్యత వహిస్తున్నదో, వాటిలో ఒకటి చాలాకాలం నిరుపయోగమైనదిగా ఎందుకు కనిపించిందో వివరించడమే నేటి మా వ్యాసోద్దేశం.

బూజు కాని బూజు

జిగురు బూజు అనగానే, వానాకాలంలో కుళ్లిన దుంగల మీద పసుపుపచ్చగా, వలవలె పాకే జిగట పదార్థం కొందరికి గుర్తుకు రావచ్చు. అది వేరొక శాఖకు చెందినది. అందులో కణాల నడుమ అడ్డుపొరలు ఉండవు. ఒకే పెద్ద ముద్దలో అసంఖ్యాకమైన కేంద్రకాలు తేలుతూ ఉంటాయి. మేము ప్రస్తావించేది కణయుత జిగురు బూజు. ఇందులో ప్రతి కణమూ చివరివరకు తన పొరను, తన వ్యక్తిత్వాన్ని నిలుపుకుంటూనే సంఘంలో చేరుతుంది. ప్రయోగశాలలలో విశేషంగా వాడుకలో ఉన్న జాతి పేరు డిక్టియోస్టీలియం డిస్కోయిడియం. అమెరికా శాస్త్రజ్ఞుడు కెన్నెత్ రేపర్ 1933లో ఉత్తర కరోలినా రాష్ట్రపు కొండ అడవిలో, రాలి కుళ్లుతున్న ఆకుల నుంచి దీనిని సేకరించి, 1935లో లోకానికి పరిచయం చేశారు. పేరులో బూజు ఉన్నదే గాని ఇది శిలీంధ్రం కాదు. 2005లో దీని జన్యుపటం పూర్తిగా వెలువడినప్పుడు, ఆరు క్రోమోజోముల మీద ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 12,500 ఉన్నవని తేలింది. కంటికి ఆనని ప్రాణికి ఇంత పెద్ద సామగ్రి జాబితా ఉండడం గమనార్హం.

ఒక్కొక్క అమీబా పరిమాణం మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు. ఆకుల అడుగున చెమ్మలో తిరుగుతూ, బాక్టీరియాను మింగుతూ, రెండుగా చీలి వృద్ధి చెందుతూ ఉంటుంది. తిండి ఉన్నంతకాలం ఎవరి బ్రతుకు వారిదే. పక్కనున్న కణంతో దానికి నిమిత్తం లేదు. తిండి అయిపోయిన నాడు కథ మారుతుంది.

కోరం పూర్తి అయినదా?

ఆకలి వేసిన ప్రతి కణమూ తొందరపడి ఇరుగుపొరుగును పిలిస్తే ప్రయోజనం ఉండదు. చుట్టుపక్కల తగినంత మంది లేకపోతే స్తంభం లేవదు. కనుక ముందుగా తెలియవలసినది తన ఆకలి కాదు, తమ సంఖ్య. సమావేశంలో కోరం పూర్తి కానిదే సభ మొదలు కాదు గదా! ఈ కోరం లెక్కను రెండు ప్రోటీన్లు చూస్తున్నవి.

మొదటిది, తిండి ఇంకా ఉండగానే ప్రతి అమీబా బయటికి విడిచే ప్రోటీన్. అమీబాలు పెరిగినకొద్దీ ఇది పరిసరాలలో పెరుగుతుంది. అయితే బాక్టీరియా సమృద్ధిగా ఉన్నంతవరకు దాని ప్రభావం అమీబాల మీద పనిచేయదు. కనుక ఈ ప్రోటీన్ సూచించేది ఒక నిష్పత్తిని: తినేవారు ఎందరు, తిండి ఎంత? నిష్పత్తి ఒక హద్దు దాటగానే, తిండి పూర్తిగా అడుగంటకముందే కణాలు కొన్ని జన్యువులను మేల్కొలిపి రాబోయే కరువుకు సన్నద్ధమవుతాయి. గోదాములో నిల్వ శూన్యమైన తరువాత గాక, కనీస మట్టానికి దిగగానే కొనుగోలు పత్రం పంపే పద్ధతి మనకు తెలిసినదే.

రెండవ ప్రోటీన్ ఆకలి మొదలైన తరువాత వెలువడుతుంది. అమెరికాలోని రిచర్డ్ గోమర్ బృందం వర్ణించిన దీని బరువు సుమారు 80 కిలోడాల్టన్లు. ఆకలిగొన్న కణాలు మాత్రమే దీనిని స్రవిస్తాయి కనుక, పరిసరాలలో దీని సాంద్రత ఆకలిగొన్నవారి సాంద్రతకు కొలమానం. తగినంత పోగుపడే వరకు కణాలు ఇతరుల పిలుపుకు సరిగా స్పందించలేవు. కోరం నిండిన తరువాతనే పిలుపు వినిపిస్తుంది.

పిలిచే చేయి, తుడిచే చేయి

ఆ పిలుపు ఏమిటన్నది చాలాకాలం ప్రశ్నగానే ఉండిపోయింది. జాన్ టైలర్ బానర్ 1947లో ప్రకటించిన ప్రయోగాలలో, గుమిగూడుతున్న అమీబాల మీదుగా నీటిని మెల్లగా ప్రవహింపజేశారు. దిగువన ఉన్న అమీబాలు మాత్రమే కేంద్రం వైపు ప్రయాణించాయి. ఎగువన ఉన్నవి దారి తెలియక మిగిలాయి. అంటే పిలుపు నీటిలో కొట్టుకుపోయే ఒక రసాయనం అన్నమాట. 1967లో కోనైన్, బానర్, వారి సహచరులు ఆ రసాయనం సైక్లిక్ ఏఎంపీ అని నిరూపించారు. ఇది మనకు పరాయిది కాదు. మన శరీరంలో అడ్రినలిన్ వంటి హార్మోన్లు తెచ్చిన వార్తను కణం లోపలికి చేరవేసేది ఈ అణువే. ఆ రహస్యాన్ని వెలికితీసినందుకే అర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమానం లభించింది. మన కణాలు ఇంటిలోపల వాడుకునే దూతను ఈ అమీబాలు వీధిలోకి పంపుతున్నవి, అంతే భేదం.

సైక్లిక్ ఏఎంపీ స్వయంగా ప్రోటీన్ కాదు. కాని దానిని తయారుచేసేది, పసిగట్టేది, నశింపజేసేది మూడూ ప్రోటీన్లే. కణపు పొర మీద ఏడు మార్లు అటూ ఇటూ కుట్టినట్లు అమరిన గ్రాహక ప్రోటీన్ పిలుపును పసిగడుతుంది. వెంటనే కణంలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, పిలుపు వచ్చిన దిక్కుకు కణం కదులుతుంది. రెండు, లోపల ఒక ఎంజైము సైక్లిక్ ఏఎంపీని కొత్తగా తయారుచేస్తుంది; కణం దానిని బయటికి వదలి వెనుకనున్న కణాలకు అందిస్తుంది. దూరప్రాంతాల నడుమ సంకేతాలు బలహీనపడకుండా నడిమధ్య స్థాపించే రిపీటరు కేంద్రాలు చేసే పని ఇదే. కేంద్రంలో పుట్టిన పిలుపు ఎంత దూరం పోయినా క్షీణించకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఇంజనీర్లకు ఒక సందేహం రావడం సహజం. ప్రతి కణమూ పిలుపును పెంచి పంపుతూ పోతే, కొద్దిసేపటికే పరిసరమంతా పిలుపుతో నిండిపోయి ఏ దిక్కున వచ్చినదో తెలియని రొద మిగలదా? మైకు ముందు స్పీకరు పెట్టినప్పుడు వచ్చే చెవులు చిల్లులు పడే కూత మనం ఎరిగినదే. ఆ ప్రమాదం రాకుండా రెండు ఏర్పాట్లు ఉన్నవి. పిలుపు అందిన గ్రాహకం కొద్దిసేపు మొద్దుబారుతుంది. కనుక అల వెనుకకు తిరగదు. ఈలోగా కణాలే బయటికి విడిచిన ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైము, మిగిలిన సైక్లిక్ ఏఎంపీని తుడిచివేస్తుంది. సుమారు ఆరు నిమిషాలకు ఒక పర్యాయం పిలుపు, దాని వెన్నంటి నిశ్శబ్దం, మరల పిలుపు. తుడిచే ఎంజైము జన్యువును తొలగించిన అమీబాలు గుమిగూడలేవు. పిలిచేవారు లేక కాదు, పిలుపు ఆగక. ఆ ఎంజైము కూడా హద్దు మీరకుండా దానిని బంధించే మరొక ప్రోటీన్ ఉన్నది. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు, ఆ గవర్నరుకు మరొక సవరణ! మన యంత్రశాస్త్రం నేర్పే పాఠం ఒక మట్టిపురుగుకు ముందే తెలిసి ఉన్నది.

మరి తొలి పిలుపు ఎవరిది? ఆరంభంలో కొందరు శాస్త్రజ్ఞులు నాయక కణాలు ప్రత్యేకంగా ఉంటాయని భావించారు. 1970లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్, లీ సెగెల్ అనే గణితవేత్తలు అట్టి నాయకుడు అవసరం లేదని సమీకరణాలతో చూపారు. అందరూ ఒకే తీరు కణాలైనప్పటికీ, స్పందన ఒక హద్దు దాటగానే సమతల స్థితి తనంతట తానే చెదిరి, అక్కడక్కడ గుంపులు ఏర్పడగలవని వారి వాదం. మేస్త్రి లేకుండా పని ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకు గణితం ఇచ్చిన సమాధానం ఇది.

పట్టుకునే ప్రోటీన్లు

పిలుపు అందుకున్న కణాలు విడివిడిగా రావు. ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి, వాగులు ఏటిలో కలిసినట్లు ప్రవాహాలుగా వచ్చి చేరతాయి. సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైము కదిలే కణపు వెనుక భాగాన చేరి ఉంటుందని 2003లో వెల్లడైంది. ముందు కణపు వీపు నుంచి వెనుక కణపు ముఖానికి పిలుపు అందుతున్నదన్నమాట. ఈ బారులు తెగకుండా ఉండాలంటే కణాలు ఒకదానినొకటి పట్టుకోవాలి. ఆ పట్టు కూడా ప్రోటీన్లదే.

ఈ పట్టులో రెండు విధాలున్నవని తెలియజేసిన సాధనం మన రసాయన ప్రయోగశాలలోని వారికి సుపరిచితం. బాయిలరు నీటి కాఠిన్యాన్ని కొలవడానికి వాడే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది గదా! అమీబాలున్న నీటిలో దానిని కలిపితే, ఆకలి మొదలైన తొలి గంటలలో ఏర్పడిన పట్టు వీడిపోతుంది. ఆ తొలి పట్టుకు ఆధారమైనది సుమారు 24 కిలోడాల్టన్ల బరువున్న, కాల్షియం మీద ఆధారపడిన ప్రోటీన్. కాని బారులు తీరిన కణాల పట్టును ఈడీటీఏ కదల్చలేదు. అక్కడ మరొక ప్రోటీన్ ప్రవేశించింది.

జర్మనీకి చెందిన గుంథర్ గెరిష్, ఆయన సహచరులు 1973లో ఈ రెండవ పట్టును ఒక చక్కని ఉపాయంతో గుర్తించారు. కణాల పొర మీది పదార్థాలకు వ్యతిరేకంగా కుందేలు రక్తంలో ప్రతిరక్షకాలను పుట్టించారు. ప్రతిరక్షకానికి రెండు చేతులుంటాయి. అలాగే వాడితే అవే రెండు కణాలను కలిపి కట్టివేయవచ్చు. కనుక వాటిని కోసి ఒంటి చేతి తునకలుగా మార్చారు. ఒంటి చేయి కణాన్ని పట్టుకోగలదు గాని రెండింటిని కలపలేదు. ఈ తునకలు అంటుకున్న చోట్ల కణాల పట్టు తప్పిపోయింది. తాళపు రంధ్రంలో మైనం నింపినట్లు, ఏ రంధ్రం మూసుకుపోతే తలుపు తెరుచుకోదో చూసి తాళం జాడ కనుగొన్నారు. ఆ స్థానాలకు వారు సీఎస్ఏ అని పేరు పెట్టారు. అది సుమారు 80 కిలోడాల్టన్ల బరువుతో, చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్. ఒక కణం మీది సీఎస్ఏ ఎదుటి కణం మీది సీఎస్ఏనే పట్టుకుంటుంది. చేయి చేయి కలిపినట్లన్నమాట.

ఇంకొక విశేషం ఉన్నది. సీఎస్ఏ జన్యువును బలంగా మేల్కొలిపేది సైక్లిక్ ఏఎంపీ అలలే. కణాలకు కొద్ది నిమిషాలకొక పర్యాయం చొప్పున స్వల్ప మోతాదులో అందిస్తే సీఎస్ఏ సమృద్ధిగా తయారవుతుంది. ఆగకుండా ఒకే తీరున అందిస్తే అలా జరగదు. అంటే పిలుపులోని లయయే పట్టుకు ఆజ్ఞాపత్రం. తుడిచే ఎంజైము లేకపోతే లయ లేదు, లయ లేకపోతే పట్టు లేదు. ఒక ప్రోటీన్ పని మరొకదాని భుజం మీద నిలిచి ఉన్నది.

బల్లమీద వ్యర్థం, మట్టిలో అవసరం

ఇంతవరకు వచ్చిన పాఠకులు సీఎస్ఏ లేకపోతే కట్టడమే లేవదని భావించడం న్యాయం. శాస్త్రజ్ఞులు కూడా అలాగే ఆశించారు. సీఎస్ఏ లోపించిన అమీబాలను సిద్ధం చేసి పరీక్షించారు. ద్రవంలో ఈడీటీఏ కలిపి కుదిపినప్పుడు వాటి పట్టు నిజంగానే తప్పింది. కాని ప్రయోగశాలలో ఆనవాయితీగా వాడే అగారు పలక మీద పెట్టి చూస్తే, అవి చక్కగా గుమిగూడి, చక్కగా స్తంభం లేపి, ఏ లోపమూ లేనట్లు కార్యం ముగించాయి! ఇన్నేళ్ల శ్రమతో కనుగొన్న ప్రోటీన్ ఉన్నా లేకున్నా ఒకటేనా? ఆ నాటి లెక్క ప్రకారం అవుననే చెప్పవలసి వచ్చేది.

1998లో పాంటే, బొజ్జారో, వారి సహచరులు ఒక సామాన్యమైన ప్రశ్న వేశారు. ఈ ప్రాణి నివసించేది అగారు మీదనా, మట్టిలోనా? అగారు పలక అద్దంలా నునుపైనది. మట్టిలో రేణువులు, పగుళ్లు, ఎగుడుదిగుళ్లు ఉంటాయి. వారు అమీబాలను మట్టి మీద పెట్టి చూశారు. సీఎస్ఏ లేని కణాల అభివృద్ధి అక్కడ తీవ్రంగా దెబ్బతిన్నది. నునుపు నేల మీద ఒకరినొకరు పట్టుకోకపోయినా గమ్యం చేరవచ్చు. గరుకు నేల మీద పట్టు లేనివారు దారిలోనే మిగిలిపోతారు.

2003లో క్వెల్లర్, స్ట్రాస్‌మన్, పాంటే, బొజ్జారోలు ప్రకటించిన ప్రయోగం ఈ సంగతిని మరింత లోతుగా చూపింది. దాని తాత్పర్యం గ్రహించాలంటే కట్టడపు చివరి దశ తెలియాలి. గుమిగూడిన కణాల దిబ్బ ఒక గొంగళి వంటి ఆకారం దాల్చి, వెలుగు వైపు, వెచ్చదనం వైపు పాకుతుంది. తగిన చోట ఆగి నిలువుగా లేస్తుంది. అప్పుడు సుమారు అయిదవ వంతు కణాలు స్తంభపు కాడలోకి దిగి, సెల్యులోజు గోడలు కట్టుకొని, లోపల బోలుగా మారి మరణిస్తాయి. మిగిలినవి వాటి మీదుగా పైకి చేరి, సెల్యులోజు, ప్రోటీన్లతో నేసిన దృఢమైన తొడుగు ధరించి సిద్ధబీజాలవుతాయి. కాడలోని వారికి మరునాడు లేదు. పైన ఉన్నవారికి ఉన్నది.

సీఎస్ఏ ఉన్నవారిని, లేనివారిని సరిసమానంగా కలిపి అగారు మీద పెట్టినప్పుడు నష్టపోయినది సీఎస్ఏ ఉన్నవారే. కాడలో మరణించిన వారిలో వారి వంతు హెచ్చుగా ఉన్నది. పట్టులేనివారు వెనుకబడి, హాయిగా సిద్ధబీజాలయ్యారు. అగారు పలకను మాత్రమే నమ్మేవారికి, పట్టుకోవడం అనేది వట్టి అమాయకత్వమని తోచే ఫలితం ఇది. కాని అదే మిశ్రమాన్ని మట్టి మీద పెట్టగానే లెక్క తలక్రిందులైంది. సీఎస్ఏ ఉన్నవారు చేయి చేయి పట్టుకొని ఒకరినొకరు లాక్కుంటూ గమ్యం చేరారు. లేనివారిలో పెక్కుమంది గుంపులోకే రాలేకపోయారు.

మా వృత్తిలో దీనికి సాటి వచ్చే సంగతులు తక్కువ కాదు. పరీక్షాశాలలో శుభ్రమైన నీటితో ఎన్ని గంటలైనా తిరిగే పంపు, ఇసుకతో కూడిన కాలువ నీటిలో దిగిన తరువాత గాని తన అసలు స్వభావం చూపదు. ఒక భాగాన్ని తీసివేసినా యంత్రం నడుస్తున్నదంటే, ఆ భాగం అనవసరమని అర్థం కావచ్చు. దాని అవసరం వచ్చే పరిస్థితిని మనం ఇంకా కల్పించలేదని కూడా అర్థం కావచ్చు. ఈ రెండింటికీ భేదం తెలుసుకోవడం ఖర్చుతో కూడిన పనియే గాని, తెలుసుకోకపోవడం అంతకు మించిన ఖర్చు.

ఎందరు చాలు?

పట్టు మంచిదైతే మరింత పట్టు మరింత మంచిదా? కాదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, కాడ బలానికి తగిన బరువే మీద ఉండాలి. గుంపు మరీ పెద్దదైతే స్తంభం బరువు మోయలేక కూలుతుంది. మరీ చిన్నదైతే సిద్ధబీజాలు నేలకు ఎత్తున నిలువక, దూరం వ్యాపించే అవకాశం కోల్పోతాయి. సాధారణంగా ఒక ప్రవాహం చివరకు గరిష్ఠంగా సుమారు 20,000 కణాల గుంపులుగా విడిపోతుంది. లెక్క పెట్టేవారు ఎవరు?

1999లో డెబ్రా బ్రాక్, రిచర్డ్ గోమర్ ఆ లెక్కల గుమాస్తాను ప్రకటించారు. అది సుమారు 450 కిలోడాల్టన్ల బరువున్న ప్రోటీన్ల సముదాయం. ప్రతి కణమూ దానిని కొంచెం బయటికి విడుస్తుంది. గుంపు పెద్దదైనకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. సాంద్రత పెరిగితే కణాల పట్టు సడలుతుంది, కదలిక పెరుగుతుంది. ప్రవాహం తెగి చిన్న గుంపులవుతుంది. ఇందులోని కౌంటిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును తొలగిస్తే, లెక్క తప్పి బృహత్తరమైన గుంపులు ఏర్పడి కట్టడాలు వాలిపోతాయి. ఈ సముదాయాన్ని అతిగా స్రవించే మరొక రకపు అమీబాలలో గుంపులు ముక్కముక్కలై మరుగుజ్జు స్తంభాలు లేస్తాయి. ఒక ప్రోటీన్ పట్టుకొమ్మంటే మరొకటి కొంచెం వదలుమంటుంది. ఈ రెంటి నడుమ కుదిరిన సమతూకమే నిలబడే స్తంభం.

ఎవరితో?

చివరి ప్రశ్న అన్నింటికంటె కఠినమైనది. అయిదవ వంతు కణాలు మరణించే చోట, మరణించేది ఎవరి కోసం? అందరూ ఒకే తల్లికణం నుంచి చీలినవారైతే, కాడలో చచ్చినవారి జన్యువులే పైనున్న సిద్ధబీజాలలో బ్రతుకుతాయి. కాని వేరు వంశాల కణాలు కలిసినప్పుడు, కాడలోకి దిగకుండా తప్పించుకొని పైకి చేరే మోసగాళ్లకు అవకాశం ఉన్నది. అట్టి మోసం నిజంగా జరుగుతున్నదని 2000లో స్ట్రాస్‌మన్, క్వెల్లర్ బృందం నిరూపించింది.

దీనికి రక్షణగా మరి రెండు ప్రోటీన్లు కణపు పొర మీద కావలి ఉన్నవి. వాటిని టీజీఆర్-బీ1, టీజీఆర్-సీ1 అంటారు. ఒక కణం మీది బీ1 ఎదుటి కణం మీది సీ1తో జతపడుతుంది. ఈ ప్రోటీన్ల ఆకృతి వంశానికి వంశానికి భిన్నంగా ఉంటుంది. తాళం, తాళపుచెవి కుదిరితేనే కణాలు కలిసి సాగుతాయి. హ్యూస్టన్‌లోని షౌల్‌స్కీ, కుస్పా బృందాలు 2011లో ఈ జన్యువుల జంటను ఒక వంశం నుంచి మరొకదానికి మార్చి, కణాలు 'మనవారు' అని గుర్తించేది వీటి ద్వారానే అని చూపాయి.

అయితే అడవిలో పరిస్థితి అంత నిక్కచ్చిగా లేదని మన దేశపు పరిశోధనే తెలియజేసింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విద్యానంద్ నంజుండయ్య, వారి సహచరులు దక్షిణ భారతపు అడవుల మట్టిలో కణయుత జిగురు బూజులు విస్తారంగా ఉన్నవని 2010లో ప్రకటించారు. పెద్ద జంతువుల పేడ ద్వారా ఇవి దూరప్రాంతాలకు వ్యాపిస్తున్నవని కూడా వారు చూపారు. ప్రయోగశాలలో ప్రసిద్ధమైన జాతికి సోదర జాతులైన రెండింటిని నిశితంగా పరిశీలించగా, సహజంగా ఏర్పడిన గుంపులలో అధికభాగం ఒకే వంశానివి కావని, పలు వంశాలు కలిసినవని తేలింది. పరాయివారితో కలిసి కూడా స్తంభం లేపడం అడవిలో అరుదు కాదన్నమాట. మట్టిలోకి దిగి చూస్తే గాని తెలియని సత్యాలలో ఇది మరొకటి.

ఈ పరిశోధనల వలన మనకేమి లాభమని గృహిణులు, విద్యార్థులు ప్రశ్నించవచ్చు. మన ఒంటిలో గాయమైన చోటికి, సూక్ష్మక్రిములు చేరిన చోటికి పరుగెత్తే తెల్లరక్తకణాలు కూడా ఏడు మార్లు పొరను దాటే గ్రాహక ప్రోటీన్లతోనే రసాయనపు జాడను పసిగట్టి, ఇంచుమించు ఈ అమీబాల తీరుననే పాకుతాయి. గర్భస్థ శిశువులో కణాలు వాటి వాటి స్థానాలకు చేరి, ఒకదానినొకటి పట్టుకొని అవయవాలు కావడంలోనూ, క్యాన్సరు కణాలు ఆ పట్టు వదలి దేశాటనం చేయడంలోనూ ఇట్టి ప్రోటీన్లదే పాత్ర. అక్కడ జటిలమైన ప్రశ్నను ఇక్కడ విడదీసి చూడడం సులభం గనుకనే ఈ చిన్న ప్రాణి మీద ఇంత శ్రద్ధ.

ఐకమత్యమే మహాబలమని మనం చిన్ననాటి నుంచి వింటున్నాము. ఆ బలం ఏయే విడిభాగాలతో తయారైనదో జిగురు బూజు విప్పి చూపుతున్నది. సంఖ్య తెలుసుకొనే ప్రోటీన్, పిలుపును వినే ప్రోటీన్, విన్న పిలుపును తుడిచే ప్రోటీన్, పట్టుకునేది, పట్టు సడలించేది, మనవారెవరో గుర్తించేది. ఇందులో తుడిచేది, సడలించేది పైకి విరోధుల వలె కనిపించినా, అవి లేని నాడు మిగిలేది రొద, లేదా కూలిన స్తంభం. మరి పట్టుకునే సీఎస్ఏ విలువ నునుపైన పలక మీద సున్నా. గరుకు నేల మీద అదే ప్రాణాధారం.

కనుక ఒక పరికరం గురించి గాని, ఒక పద్ధతి గురించి గాని, ఒక మనిషి పని గురించి గాని 'అనవసరం' అని కాగితం మీద రాయవలసి వచ్చినప్పుడు, దానిని ఏ నేల మీద పరీక్షించి చూశామని మొదట అడగడం మంచిదని మా అభిప్రాయం.